మారుచున్న నగరము – మన కర్తవ్యము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సభలో మేము పరీక్షా ఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు మాటలాడుట వాడుక. ఆ వివరములు నివేదికలో అచ్చయి యున్నవి గనుక వానిని మరల చదివి మీ కాలమును హరింపము. నేడు వేరొక విషయమును ఎత్తుకొనుచున్నాము. కోవిడ్ మహమ్మారి తరువాత మన ముంబై నగరమునందలి ఆఫీసులును, దుకాణములును, గోదాములును ఎట్లు మారుచున్నవి, ఆ మార్పు మన సంసారములను ఎట్లు తాకుచున్నది అనునదే ఆ విషయము. బడిపంతులకు భవనముల అద్దెలతో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా రెండు సంగతులు చెప్పెదము.

గత జూనులో ఒక తండ్రి తమ కుమార్తెను ఎనిమిదవ తరగతిలో చేర్చుటకు వచ్చిరి. వారు లోయర్ పరేలులోని ఒక ఆఫీసులో పన్నెండేండ్లు బంట్రోతుగా పని చేసినవారు. ఆ కంపెనీ తాను పట్టియుంచిన రెండు అంతస్తులను వదలుకొని, వేరొక భవనములో నలువది కుర్చీలను మాత్రము నెలల లెక్కన అద్దెకు తీసికొన్నదట. అచ్చట ఊడ్చువారు, టీ ఇచ్చువారు, తలుపు కడ నిలుచువారు అందరును ఆ భవనము నడుపువారి మనుష్యులే. "సార్, కంపెనీ మంచిగనే ఉన్నది. పని లేనిది మాకే" అని వారు చెప్పినప్పుడు మాకు వెంటనే బదులు తోచలేదు. మరియొక తల్లి ఆఫీసులకు మధ్యాహ్న భోజనము వండి పంపుచుండెడివారు. ఇప్పుడు ఉద్యోగులు వారమునకు మూడు దినములే వచ్చుచున్నారు గనుక మంగళ, బుధ, గురువారములందే గిరాకి యనియు, సోమ శుక్రవారములందు పొయ్యి వెలిగించుట దండుగ యనియు ఆమె చెప్పిరి. ఈ ఇద్దరి బిడ్డలును మన బడిలోనే చదువుచున్నారు. అందుచేత ఈ విషయము మాకు పరాయిది కాదు.

వ్యాధి వచ్చి నగరపు రూపు మార్చుట ఇదియే మొదలు కాదు. 1896లో బొంబాయిలోని మాండ్వీ ప్రాంతమున ప్లేగు వ్యాధి బయలుదేరినది. జనులు వేలకొలది ఊరు విడిచి పారిపోయిరి. గాలియు వెలుతురును లేని ఇరుకు ఇండ్లే వ్యాధికి నెలవులని తలచి, ప్రభుత్వము 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును స్థాపించినది. ప్రిన్సెస్ వీథి, శాండ్‌హర్స్ట్ రోడ్డు వంటి వెడల్పు బాటలు దాని పనియే. దాదర్, మాటుంగా ప్రాంతములు పద్ధతిగా ఏర్పడినదియు దాని పథకముల వలననే. నగరమునకు మేలు జరిగిన మాట నిజము. కాని పడగొట్టిన ఇండ్లన్నిటికి బదులుగా పేదలకు ఇండ్లు దొరకలేదు. వారు మరియొక ఇరుకు వాడకు చేరుకొనిరి.

ఆ కాలమున రాళ్లు మోసి, గోడలు లేపి ఈ నగరమును కట్టినవారిలో నిజాము రాజ్యమునుండి వలస వచ్చిన మన కామాఠీలు కలరు. వారి పేరుమీదనే కామాఠీపురా అను పేట వెలసినది. నగరమును కట్టినవారికి నగరము ఎట్లు ఉండవలెనో చెప్పు అవకాశము మాత్రము ఆనాడు లేకపోయినది. ఈ సంగతిని మీరు మనసునందు ఉంచుకొనగోరెదము.

రెండవ మార్పును మీలో పెద్దవారు కన్నులార చూచిరి. 1854లో కావస్జీ దావర్ స్థాపించిన మిల్లుతో ఇచ్చట నూలు మిల్లుల యుగము ప్రారంభమైనది. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు, మహబూబ్‌నగరము జిల్లాలనుండి మన తాతలు వచ్చి వర్లీ, పరేలు, ప్రభాదేవి ప్రాంతములలో చాళ్లలో కాపురముండి ఆ మిల్లులలో బట్ట నేసిరి. 18 జనవరి 1982న దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెలో దిగిరి. ఆ సమ్మె తరువాత పెక్కు మిల్లులు మరల పూర్వపు రీతిని నడువలేదు.

మిల్లులు మూతబడగా భూమి మిగిలినది. ఆ భూమిని మూడు పాళ్లు చేసి, ఒకటి నగరమునకు ఖాళీ స్థలముగాను, ఒకటి సామాన్యుల ఇండ్లకును, ఒకటి యజమానికిని చెందవలెనని 1991లో నియమము ఏర్పడినది. 2001లో ఆ నియమమును సవరించి, భవనములు లేని ఖాళీ భూమికి మాత్రమే ఆ వంతులు వర్తించునట్లు చేసిరి. దానితో నగరమునకును, కార్మికుల ఇండ్లకును రావలసిన పాలు మిక్కిలి తగ్గిపోయినది. వివాదము న్యాయస్థానములకు పోగా, 2006లో సుప్రీము కోర్టు సవరణను సమర్థించినది. 1905లో స్థాపింపబడిన ఫీనిక్స్ మిల్లు స్థలములో నేడు పెద్ద మాల్ ఉన్నది. దాని చుట్టుప్రక్కల మిల్లు భూములలో గాజు గోడల ఆఫీసులు లేచినవి. తాత బట్ట నేసిన చోటనే మనుమడు కావలివాడుగా నిలిచెను. తండ్రి సమ్మె చేసిన వాకిటనే కుమార్తె కంప్యూటరు ముందు కూర్చుండెను. ఈ రెండును జరిగినవే. ఒకదానిని మరచి రెండవదానిని మాత్రమే చెప్పుట న్యాయము కాదు.

ఇక మూడవ మార్పు. 2020 మార్చిలో లోకల్ రైళ్లు సామాన్య ప్రయాణికులకు నిలిచిపోయినవి. అవసర సేవల వారికొరకు జూనులో నడువ మొదలిడినవి. రెండు మోతాదుల టీకా వేసికొన్న ప్రజలందరకు 15 ఆగస్టు 2021 నాటికి గాని వేళల కట్టుబాటు లేక ప్రవేశము దొరకలేదు. వర్లీలోని ఆటల మందిరము రోగుల వసతిగా మారినది. బాంద్రా కుర్లా కాంప్లెక్సు మైదానమున వేయి పడకల తాత్కాలిక ఆసుపత్రి వెలసినది. ఆఫీసులు మాత్రము తాళము వేసికొని యుండెను. ఇంటినుండి పని చేయవచ్చునను సంగతి ఒక్క నెలలో లోకమునకు తెలిసివచ్చినది.

ఆఫీసు ఖాళీ అయిన మాత్రమున నష్టపడినది ఆఫీసు వారు ఒక్కరే కారు. దానిని ఆనుకొని డబ్బావాలా ఉన్నాడు. వడాపావు బండి ఉన్నది. ఇస్త్రీ దుకాణము, జెరాక్సు దుకాణము, చెప్పులు కుట్టువాడు, టాక్సీవాడు ఉన్నారు. వీరి పేర్లు అద్దె పత్రములలో ఉండవు. భవనము నిండుగా ఉన్నంతకాలము వీరి పొయ్యి వెలుగును. కంపెనీ తన అద్దెను గూర్చి యజమానితో మాటలాడుకొని తగ్గింపు పొందగలదు. ఈ బండివాడు ఎవరితో మాటలాడవలెను? భవనముల మార్పును గూర్చి ఎవరు మాటలాడినను మొదట ఈ ప్రశ్న వేయవలెనని మా అభిప్రాయము.

ఇతర దేశములలో ఏమి జరిగినదో సంగ్రహముగా చెప్పెదము. అమెరికాలోని పెద్ద నగరములలో పెక్కు ఆఫీసు అంతస్తులు నేటికిని ఖాళీగా ఉన్నవి. వానిని ఇండ్లుగా మార్చవలెనని ప్రయత్నములు జరుగుచున్నవి. కెనడాలోని కాల్గరీ నగరము 2021 నుండి ఇట్టి మార్పునకు చదరపు అడుగునకు 75 డాలర్ల చొప్పున సహాయ ధనము ఇచ్చినది. న్యూయార్కులో వాటర్ వీథియందు 1960లలో కట్టిన గొప్ప ఆఫీసు భవనమును సుమారు 1,300 ఇండ్లుగా మార్చిరి.

ఇది వినుటకు సులభము, చేయుటకు కష్టము. కారణము మన ఇంటి ఆడువారు మనకంటె త్వరగా గ్రహింతురు. ఆఫీసు అంతస్తు మైదానమువలె వెడల్పుగా ఉండును. కిటికీలు నాలుగు ప్రక్కలనే ఉండును. నడుమ భాగమునకు గాలి వెలుతురు రావు. అక్కడ వంటగది ఎట్లు పెట్టగలము? అంతస్తుకంతటికి ఒకచోటనే నీటి గొట్టములు, మరుగుదొడ్లు ఉండును. ఇండ్లకు ఇంటింటికి కావలెను. అందుచేతనే న్యూయార్కు భవనములో నడుమ వెలుతురు బావులను పైనుండి కోయవలసి వచ్చినది. పాత కాలపు సన్నని భవనములైనచో మార్చుట కొంత సులువు.

మన దేశమున కథ వేరుగా నడచినది. ఆఫీసుల యుగము ముగిసినదని 2020లో పలువురు తలచిరి. 2025 నాటికి ఏ సమయమందైనను తమ ఉద్యోగులలో నూటికి 25 మందికి మించి ఆఫీసులో ఉండవలసిన అవసరము రాదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారు 2020లో ప్రకటించిరి. ఆ కంపెనీయే 2023 అక్టోబరులో తన ఉద్యోగులను వారమంతయు ఆఫీసునకు రమ్మని పిలిచినది. విదేశీ కంపెనీలు తమ పనులను ఇచ్చట చేయించుకొనుటకు కేంద్రములు తెరచుటచేత, 2024లో మన పెద్ద నగరములలో ఆఫీసు స్థలము అంతకు మునుపెన్నడును లేనంతగా అద్దెకు పోయినది. బెంగళూరు అందులో ముందు నిలిచినది.

అట్లయిన మార్పు లేదా? కలదు. ఆఫీసు పోలేదు గాని ఆఫీసును పట్టు పద్ధతి మారినది. పూర్వము కంపెనీ అంతస్తునంతటిని ఏండ్లకొలది పట్టి, బల్లలు కుర్చీలు తానే చేయించుకొని, నౌకర్లను తానే నియమించుకొనెడిది. ఇప్పుడు పెక్కు కంపెనీలు కుర్చీల లెక్కన, తక్కువ గడువునకు, అన్ని ఏర్పాట్లతో కూడిన చోటును తీసికొనుచున్నవి. పని పెరిగిన కుర్చీలు పెంచుకొందురు, తరిగిన తగ్గించుకొందురు. ఇట్లు కంపెనీకి వచ్చిన వెసులుబాటు బంట్రోతునకు అస్థిరత్వమైనది. మేము మొదట చెప్పిన తండ్రి గారి కథకు మూలము ఇదియే.

ప్రభుత్వ నియమములును కొంత వంగినవి. ఐ.టి. కంపెనీలకు ప్రత్యేకించిన ఆర్థిక మండలములలో ఖాళీ పడిన భాగములను అంతస్తుల వారీగా విడదీసి ఇతర కంపెనీలకు ఇచ్చుటకు 2023 డిసెంబరులో కేంద్రము అనుమతించినది. నారిమన్ పాయింటులో 1974లో పూర్తియైన ఎయిరిండియా భవనము మహమ్మారికి పూర్వమే తన ప్రధాన కార్యాలయమును ఢిల్లీకి పోగొట్టుకొన్నది. దానిని 1,601 కోట్ల రూపాయలకు రాష్ట్ర ప్రభుత్వమునకు అమ్ముటకు 2024లో అనుమతి దొరికినది. కంపెనీ విడిచిన భవనము సర్కారు కచేరీలకు పనికిరాగలదు. భవనము గట్టిదైనచో పని మారినను అది నిలుచును.

దుకాణముల సంగతి మరియు ముఖ్యము. ఇంట కూర్చుండి ఫోనులో సరకులు తెప్పించుకొను అలవాటు మహమ్మారి కాలమున బలపడినది. అందుచేత వీథి దుకాణముల నడుమ, కొనువారు లోపల అడుగు పెట్టని దుకాణములు కొన్ని తెరువబడినవి. అవి చిన్న గోదాములే. లోపల పిల్లవాండ్రు సరకు ఏరి సంచిలో వేయుదురు, బయట వేరొక పిల్లవాడు మోటారు సైకిలుపై కొనిపోవును. ఊరి వెలుపల భివండీలో పెద్ద గోదాములు మైళ్లకొలది వ్యాపించినవి. భివండీ మనకు క్రొత్త ఊరు కాదు. అచ్చట మరమగ్గములు, మనవారి మాటలో సాంచాలు, నడిపినవారిలో మన పద్మశాలీలు పెక్కుమంది. సాంచా చప్పుడు తగ్గిన ఆ ఊరిలో లారీల చప్పుడు పెరిగినది. నేయు చేతులు ఇప్పుడు పెట్టెలు ఎత్తుచున్నవి. పెట్టె ఎత్తుట తక్కువ పని అని మేము అనము. కాని నేతకు ఉన్న నేర్పు దానికి అక్కరలేదు. నేర్పు అక్కరలేని పనిలో మనిషిని మార్చుట యజమానికి సులభము.

తలిదండ్రులారా! ఇంతవరకు చెప్పినదానినుండి మన సంసారములకు పనికివచ్చు మాటలు రెండు ఉన్నవి.

మొదటిది బిడ్డల చదువును గూర్చి. కంపెనీలు వచ్చును, పోవును. కాని ఏ కంపెనీ ఉన్నను భవనమునకు లిఫ్టు కావలెను, విద్యుత్తు కావలెను, చల్లని గాలి యంత్రము కావలెను, నిప్పు ఆర్పు ఏర్పాటు కావలెను. ఈ పనులు తెలిసినవాడు ఒక కంపెనీని నమ్ముకొని యుండడు. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియను పనియు, చల్లదనపు యంత్రముల మరమ్మతు పనియు రెండేండ్లలో నేర్పుదురు. మన పిల్లలందరును ఇంజనీర్లు కావలెనని కోరుట మంచిదే, కాని ఈ దారిని చిన్నచూపు చూడకుడు. అచ్చట పాఠములు మరాఠీలోను, ఇంగ్లీషులోను జరుగును. అందుచేత మాతృభాషలో లెక్కలు, విజ్ఞానము గట్టిగా నేర్చుకొనుచు, ఆ రెండు భాషలను కూడ శ్రద్ధతో నేర్చుకొనవలెను. మా ఉపాధ్యాయులు ఈ సంవత్సరమునుండి ఎనిమిదవ తరగతి మొదలు ఇందుకై వారమునకు రెండు గంటలు అదనముగా కేటాయించుచున్నారు.

రెండవది కష్టార్జితమును గూర్చి. భవిష్యనిధి డబ్బు చేతికి రాగానే మాల్‌లో చిన్న గాలా కొనుమని చెప్పువారు పలువురు ఎదురగుదురు. గాలాలను ఒక్కొక్కటిగా అమ్మివేసిన మాల్‌లు ఈ నగరమున కొన్ని ఏండ్ల తరబడి ఖాళీగా ఉన్నవి. వంద గాలాలకు వంద మంది యజమానులైనప్పుడు ఏ దుకాణము ఎక్కడ ఉండవలెనో నిర్ణయించువాడు ఉండడు. నాలుగు మూతబడినచో మిగిలినవానికి జనము రారు. ఒకే యజమాని నడుపు మాల్ మహమ్మారి తరువాత తేరుకొనినంత త్వరగా ఇవి తేరుకొనలేదు. పెద్ద ఆఫీసు భవనములలో చిన్న మొత్తములతో వాటా కొనుటకు 2019 నుండి మన దేశమున స్టాకు మార్కెట్టు ద్వారా ఏర్పాటు కలదు. అది బ్యాంకు డిపాజిట్టు వంటిది కాదు, దాని వెల హెచ్చును, తగ్గును. ఏది కొనినను క్రొత్త కట్టడమైనచో 2017లో ఏర్పడిన మహారేరాలో దాని నమోదును చూచుకొనక బయానా ఇయ్యకుడు. చదువుకొన్న బిడ్డచేత ఫోనులో చూపించుకొనుడు. మీ బిడ్డకు రాకున్న మా వద్దకు రండు.

ఇక కడపటి మాట. ఇది మన బడిని గూర్చినది. ఒకప్పుడు రెండు పూటల నడచిన ఈ బడి నేడు ఒక్క పూట నడచుచున్నది. పై అంతస్తులో నాలుగు గదులు ఖాళీగా ఉన్నవి. క్రింది దుకాణముల అద్దెతో సంఘము వారు ఇద్దరు ఉపాధ్యాయులకు జీతములు ఇచ్చుచున్నారు. 2020లో అందులో ఒక దుకాణము మూతబడినది. తరువాత వచ్చినవారు పూర్వపు అద్దె ఇచ్చుటలేదు. ఇప్పుడు ఆ నాలుగు గదులను తొమ్మిదేండ్లకు తమకు ఇచ్చినచో, గోడలు తీసి కుర్చీల లెక్కన ఆఫీసుగా నడిపెదమని ఒకరు అడిగిరి. వారు చెప్పిన అద్దె పెద్దది. సంఘపు పెద్దలు దీనిని రాబోవు సర్వసభ్య సమావేశములో పెట్టుచున్నారు.

మేము సంఘపు ఉద్యోగులము. నిర్ణయము మీది. అయినను అడిగినచో మా అభిప్రాయమును దాచము. ధనము అక్కరలేదని మేము అనము. ఇద్దరు ఉపాధ్యాయుల జీతము గాలిలోనుండి రాదు. ఖాళీ గదికి తాళము వేసి కాపాడుట గొప్పతనము కాదు. భవనము పలు విధముల ఉపయోగపడుట తప్పు కాదని ఇంతసేపు మేమే చెప్పితిమి. కాని గోడలు తీసినచో అవి మరల తరగతి గదులు కావు. తొమ్మిదేండ్లనగా నేడు మొదటి తరగతిలో చేరిన బిడ్డ పదవ తరగతికి వచ్చువరకు. అంతకాలమునకు మాట ఇచ్చుట తగదు. కంపెనీలే తక్కువ గడువు కోరుచున్న కాలమున మనమేల దీర్ఘ కాలమునకు కట్టుబడవలెను?

విద్యాశాఖ అనుమతి దొరికినచో, బడి ముగిసిన పిమ్మట సాయంకాలములు మాత్రమే, పదునొకండు నెలల గడువునకు, గోడ కదలింపక, శిక్షణ తరగతులు నడుపువారికి మూడు గదులు ఇయ్యవచ్చును. ఒప్పందమును చట్ట ప్రకారము రిజిస్టరు చేయించవలెను. మన పిల్లలకు అందులో కొన్ని స్థానములు ఉచితముగా ఉండవలెను. నాలుగవ గదిని సాయంకాలపు చదువు గదిగా ఉంచవలెను. ఒక్క గది ఇంటిలో అయిదుగురు నివసించునప్పుడు బిడ్డ ఎక్కడ కూర్చుండి చదువును? 2020లో బడి మూసినప్పుడు, ఇంట ఉన్న ఒక్క ఫోనును అన్నదమ్ములు వంతులు వేసికొని, మెట్లపై కూర్చుండి పాఠములు వినిన సంగతి మేము మరువలేదు. ఈ పద్ధతిన వచ్చు అద్దె వారు చెప్పిన దానిలో సగము కూడ కాకపోవచ్చును. లోటును ఎట్లు పూరింపవలెనో అదియు మనమే కూర్చుండి తేల్చుకొనవలెను.

ఇంకొక సంగతి దాచిన ప్రయోజనము లేదు. ఏ షరతు వ్రాసికొనినను, తరగతిలో పిల్లలు తగ్గుచు పోయినచో గదులను నిలుపుకొనుట మన తరము కాదు. గదులు ఖాళీ అయిన తరువాత అద్దెకు అడుగువారు వచ్చిరి గాని, అద్దెకు అడిగినందున గదులు ఖాళీ కాలేదు.

కామాఠీలను ఎవరును అడుగలేదు. మిల్లు భూములను పంచునాడు మన తాతల మాట చెల్లలేదు. ఈ ఒక్క భవనమును గూర్చి మాత్రము మిమ్ములను అడుగుచున్నారు. సమావేశమునకు కడపటిసారి వచ్చినవారు పదునేడుగురే. మా మాట మీకు సరిపడకున్నను వచ్చి కాదని చెప్పుడు, అందుకు మేము సంతోషింతుము. తండ్రి పనిలో ఉన్నచో తల్లి రావలెను. ఇద్దరును రాలేనిచో వ్రాసి పంపుడు, మేము సభలో చదివి వినిపించెదము.